పక్కవాటు చేప, ఎడమ కిటికీ

సముద్రపు చేపల అట్లాసులో అరవై ఏడో పేజీ తీస్తే ఒక చేప ఉంటుంది. పేరు పక్కవాటు చేప. వేడి సముద్రాల్లో బతికే జీవి. మూరెడు పొడవు, ముదురు గోధుమ రంగు. పనీపాటా లేనట్టు నీటి మీద ఒక పక్కకి తిరిగి పడుకుని, ఏ నాచు పక్కనో ఏ విరిగిన చెక్క పక్కనో ఎండుటాకులా తేలుతూ ఉంటుంది. చిన్న చేపలు నిజంగా ఆకే అనుకుని నీడకొస్తాయి. తర్వాత ఏమవుతుందో వేరే చెప్పాలా.

అదే పేజీలో ఒక మ్యాపు ఉంది. చేప ఎక్కడ కనబడితే అక్కడో ఎర్ర చుక్క. మిగతా చేపల చుక్కలు గుప్పెడు ఆవాలు విసిరినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఈ చేపవి మాత్రం రేవు నుంచి దీవి దాకా స్కేలు పెట్టి గీసినట్టు రెండు వరసలు. కింద పెద్దలు రాసిన మాట ఇది: "ఈ చేప ఉదయం ఉత్తరపు వరసలోనూ, సాయంత్రం దక్షిణపు వరసలోనూ సంచరించును. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు కనిపించదు. మంగళవారాలు అసలే బయటికి రాదు."

నవ్వకండి. రాసినాయన బాగా చదువుకున్నవాడు. ఇందులో నవ్వే హక్కంటూ ఉంటే అది పిన్నికి ఉంది. ఆవిడ పదకొండేళ్ళు కడుపారా నవ్వింది, ఆ నవ్వే చివరికి ఆవిడ మెడకి చుట్టుకుంది.

పిన్ని అంటే ఎవరో కాదు, రేవంతా అలాగే పిలుస్తుంది. రేవు నుంచి దీవికి రోజూ వెళ్ళొచ్చే లాంచీలో క్యాంటీను నడిపే మనిషి. పొద్దున తొమ్మిదికి లాంచీ బయల్దేరుతుంది, పన్నెండుకి దీవి చేరుతుంది, మూడింటికి తిరిగి బయల్దేరుతుంది. మంగళవారం సెలవు. లాంచీ వెనక భాగంలో ఎడమ పక్కన మంచం పట్టేంత గది, అందులో రెండు పొయ్యిలు, ఒక గిన్నెల అర, ఒకే ఒక్క కిటికీ. ఆ కిటికీ నెత్తిన ఒక బోర్డు: "సముద్రంలో చెత్త వేయరాదు. వేసిన సిబ్బంది ఉద్యోగం నుంచి తొలగించబడుదురు." చెత్త బకెట్టు రేవులో దిగాక ఒడ్డు చివరనున్న తొట్టెకి మోసుకెళ్ళాలి. తొట్టె రెండు వందల అడుగుల దూరం. ఆ లెక్క పిన్ని వెయ్యలేదు, ఆవిడ మోకాళ్ళు వేశాయి.

అందుకని పిన్ని ఏం చేసేదంటే, బోర్డుకి వీపు తిప్పి, బకెట్టు నిండినప్పుడల్లా కిటికీలోంచి తల బయటికి పెట్టి, అటూ ఇటూ చూసి, గుమ్మరించేసేది. ఉల్లిపాయ తొక్కలు, గుడ్డు పెంకులు, టీ పిప్పి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్కరోజు కూడా ఎవరికీ దొరకలేదు. దొరకలేదని ఆవిడ నమ్మకం.

పదకొండేళ్ళ కిందట చేపల సర్వే ఆఫీసు నుంచి లాంచీకి ఒక కట్ట కార్డులొచ్చాయి. దారిలో పక్కవాటు చేప కనబడితే రాసి పంపాలి. తేదీ, టైము, ఏ నంబరు పీపా దగ్గర, లాంచీకి ఏ పక్క, ఎన్ని, దేంతో చూశారు, చూసినవారు ఎవరు. దారి పొడవునా తేలే పీపాలకి నంబర్లుంటాయి గనక చోటు చెప్పడం తేలికే. లాంచీ నడిపే సరంగు, నా కళ్ళు ముందున్న దారికే చాలడం లేదన్నాడు. ఇంజనాయన, నాకు ఇంజను తప్ప సముద్రం ఎప్పుడు కనబడిందన్నాడు. ఎవరికీ అక్కర్లేనివన్నీ చేరినట్టే ఆ కట్ట కూడా క్యాంటీనుకి చేరింది.

పిన్నికి కార్డులు తెగ నచ్చాయి. ముందువైపు చేప రాసేది, వెనకవైపు ఖాళీగా ఉంది కదాని టీ ఆర్డర్లు రాసుకునేది. ఒకసారి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. "మీ కార్డు వెనక 'పదకొండు, అందులో షుగర్ లేనివి రెండు' అని ఉన్నది. ఇది చేప పిల్లల సంఖ్యా, వివరించగలరు." పిన్ని జవాబు రాసింది. "కాదండీ. అవి టీలు. తాగేశారు."

రెండేళ్ళకోసారి అట్లాసు అచ్చయ్యేది, ఒక కాపీ పిన్నికి వచ్చేది. మొదటిసారి అరవై ఏడో పేజీ చూసి ఆవిడ గుడ్లు కొడుతున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఒక్క చూపుకే సంగతంతా అర్థమైపోయింది. చుక్కలు తిన్నగా ఉన్నది చేప తిన్నగా పోయి కాదు, లాంచీ తిన్నగా పోయి. వెళ్ళేటప్పుడు ఎడమ పక్క ఉత్తరం, వచ్చేటప్పుడు అదే ఎడమ పక్క దక్షిణం. తిరిగింది లాంచీ, పేరు చేపకొచ్చింది. పన్నెండు నుంచి మూడు దాకా లాంచీ దీవి దగ్గర ఆగి ఉంటుంది, పిన్ని బియ్యం బస్తా మీద తలపెట్టి నిద్రపోతుంది. సర్వే ఆఫీసేమో సముద్రానికి రైల్లో ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో, కొండ మీద. అక్కడెవరూ ఈ లాంచీ ఎక్కిన పాపాన పోలేదు.

చెప్పొచ్చు కదా అంటారు. చెప్పాలంటే ఎడమ కిటికీలోంచే ఎందుకు చూస్తుందో చెప్పాలి. అది చెప్పాలంటే బకెట్టు సంగతి చెప్పాలి. పైగా ఆఫీసు వాళ్ళు ప్రశంసాపత్రం పంపారు, పెద్ద మ్యాపు పంపారు. పిన్ని రెండూ ఫ్రేము కట్టించి ఇంట్లో ఫ్రిజ్జు పైన తగిలించింది. ఇంటికొచ్చినవాళ్ళని కూర్చోమనడానికి ముందే మ్యాపు చూపించేది. "ఇంత సముద్రంలో దానికి నా కిటికీ ముందే దారి" అనేది. ఎదుటివాళ్ళు నోరెళ్ళబెడితే ఆవిడకి ఆ పూట ఆకలేసేది కాదు.

మ్యాపు చూసి నోరెళ్ళబెట్టని మనిషి ఒక్కడే. ఆవిడ అల్లుడు.

అల్లుడు సముద్రం మీద గాలాలేసుకుని బతికేవాడు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. పిన్నేమో గంటకి వెయ్యి. అదొక్కటే చాలు తగువుకి, కానీ ఆయన ఇంకో ఘనకార్యం కూడా చేశాడు. ఒకరి పడవలో పని మానేసి, కూల్చేసిన పాత ఇళ్ళ తలుపులు పోగు చేసి, వాటికి తాళ్ళు కట్టి రాళ్ళు వేలాడదీసి, లాంచీ దారికి దక్షిణంగా సముద్రంలో తేలేశాడు. తలుపు కింద నీడకి చేపలు చేరతాయి, చుట్టూ గాలాలు వేసుకోవచ్చు. నలభై తలుపులు. ఒకదానికి ఇంటి నంబరు కూడా ఊడలేదు. పిన్ని ఊరుకుంటుందా? "పిల్లనిచ్చేటప్పుడు ఇల్లుందా అని అడిగాం గానీ, ఇల్లు లేకుండా తలుపులున్నాయా అని అడగలేదు" అని రేవంతా వినిపించేలా అంది. ఆ రోజు నుంచి ఆయనకి తలుపుల అల్లుడని పేరు పడిపోయింది.

ఇంకో చిన్న కక్ష కూడా ఉండేది. ఆయన షుగర్ లేని టీ తాగుతాడు. పిన్ని తెలిసి తెలిసి రెండు చెంచాలు వేసిచ్చేది. వద్దంటే ఒక మాటైనా పలుకుతాడు కదాని ఆవిడ ఆశ. ఆయన చప్పుడు చెయ్యకుండా తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయేవాడు. అది చూస్తే పిన్నికి ఒళ్ళు మండిపోయేది.

తలుపులు నీళ్ళలో పడిన నెలలోనే పిన్ని రెండు మోకాళ్ళకీ ఆపరేషనయింది. ఎనిమిది నెలలు లాంచీ ఎక్కొద్దన్నారు. క్యాంటీనులోకి ఇంకో వంటాయన వచ్చాడు. ఆయనకి గాలి తగిలితే తలనొప్పి. వచ్చీ రాగానే కిటికీ మూసేసి, దానికడ్డంగా గుడ్ల అట్టలు పేర్చేశాడు. చెత్త బకెట్టు బుద్ధిగా తొట్టె దాకా మోసేవాడు. కార్డుల కట్ట అట్టల కింద పడి నలిగిపోయింది.

కొండ మీద ఆఫీసులో ఎనిమిది నెలలు ఒక్క చుక్క పడలేదు. చుక్కలు పెట్టే ఆఫీసరు కంగారుపడ్డాడు. ఆరా తీయిస్తే, చేప కనబడ్డం మానేసిన నెలలోనే సముద్రంలో తలుపులు తేలాయని తేలింది. కాకి వాలింది, తాటిపండు పడింది. పడగొట్టింది కాకేనని ఆయన రాసేశాడు. రేవు గోడ మీద నోటీసు అంటించారు: తేలే తలుపుల మూలంగా పక్కవాటు చేప ఈ సముద్రం విడిచి పోయినందున, వచ్చే ఒకటో తేదీన తలుపులన్నీ తొలగించబడును. అభ్యంతరాలున్నవారు శనివారం పదిగంటలకి రేవు హాల్లో చెప్పుకోవచ్చును.

ఆ నోటీసు సంగతి కూతురు వచ్చి చెప్పేసరికి పిన్ని చేతికర్రతో వంటింట్లో అటూ ఇటూ నడక సాధన చేస్తోంది.

"తలుపులు పోతే మళ్ళీ ఎవరి పడవలోనో పనికెళ్ళాలమ్మా. ఏడాది పాటు ఆ తలుపులు మోసి ఆయన భుజాలు కాయలు కాశాయి. రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు" అంది కూతురు. "నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. చేప నీదే కదా, నీ మాటైతే వింటారు."

చేప నీదే కదా. పదకొండేళ్ళుగా ఎవరంటే వినాలని ఉబలాటపడిందో ఆ మాటే అది. ఇప్పుడు వినబడేసరికి పిన్ని తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"ఏం చెప్పమంటావే?"

"చేప ఉందని చెప్పు."

"నేను మంచంలో ఉన్నాను కదా, ఎక్కడ చూశానని చెప్పను? ఫ్రిజ్జు మీదా?"

కూతురు కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. శనివారం దాకా ఉన్న రెండు రోజులూ పిన్ని ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చుంది. నిజం చెబితే అల్లుడి తలుపులు నిలుస్తాయి, తన ఉద్యోగం పోతుంది. రిటైరవడానికి ఇంక రెండేళ్ళే ఉంది. చెప్పకపోతే ఉద్యోగం ఉంటుంది, మ్యాపు ఉంటుంది, ప్రశంసాపత్రం ఉంటుంది. అన్నీ ఉంటాయి, అల్లుడి బతుకు తప్ప. ఆవిడకి భయమేసింది. ఆ భయాన్ని దాచుకోవడానికి రెండు రోజులూ కనబడినవాళ్ళందరినీ తిట్టింది.

శనివారం హాల్లో ముందు వరసలో పిన్నికి కుర్చీ వేశారు. ఆఫీసరు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. "ఈ చేప గురించి మనకి తెలిసిందంతా ఈ అమ్మ పుణ్యమే" అని నమస్కారం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆఫీసరు మ్యాపు విప్పి, రెండు వరసలూ చూపించి, ఈ ఏడాది ఖాళీని చూపించి, తలుపులున్న చోటు కర్రతో చూపించి, అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని అడిగాడు.

గోడ దగ్గర నిలబడ్డ అల్లుడు ముందుకొచ్చాడు. "చేపలున్నాయి" అన్నాడు.

"కార్డు రాశారా?"

"లేదు."

"ఎవరు చూశారు?"

"నేనే."

"తలుపులూ మీవే, సాక్ష్యమూ మీదేనా?" అన్నాడు ఆఫీసరు, మెత్తగానే.

జనం నవ్వారు. అల్లుడు వెనక్కెళ్ళి గోడకి ఆనుకున్నాడు. పిన్ని వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే ఆవిడ మొహం తిప్పేసుకునేదేమో. ఈవిడ నా తరఫున మాట్లాడుతుందన్న ఆశ కూడా ఆ మనిషికి లేదని తెలిసేసరికి, పిన్నికి మనసు చివుక్కుమంది. కర్ర ఊతంతో లేచి మైకు దగ్గరికెళ్ళింది.

"సార్, మంగళవారం మా లాంచీ నడవదు" అంది.

ఆఫీసరుకి అర్థం కాలేదు. "అయితే?"

"చేపకేం సెలవు లేదు సార్. మాకుంది. పన్నెండు నుంచి మూడు దాకా నేను నిద్రపోతాను. అప్పుడూ అది అక్కడే ఉండుంటుంది, చూసేవాళ్ళు లేరంతే. పొద్దున ఉత్తరం, సాయంత్రం దక్షిణం అన్నారు చూశారూ, తిరిగింది చేప కాదు సార్, లాంచీ."

హాలంతా గొల్లుమంది. ఆఫీసరు నవ్వలేదు. కార్డులు తీసి తిరగేశాడు. "కానీ వెయ్యికి పైగా కార్డుల్లో ప్రతిదాంట్లోనూ ఎడమ పక్కే ఉంది. లాంచీలో అందరూ ఎడమవైపే చూస్తారా?"

సంగతి అక్కడికే వచ్చింది. సరంగు మూడో వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పిన్ని ఆయన వైపు చూసింది, ఫ్రిజ్జు మీది మ్యాపు తలుచుకుంది.

"అందరూ కాదు సార్, నేనొక్కదాన్నే. మా క్యాంటీనుకి ఉన్నది ఆ ఒక్క కిటికీ. చెత్త బకెట్టు నిండితే అందులోంచే సముద్రంలో పారబోస్తాను. పారబోసేటప్పుడు తల బయట పెడతాను. అప్పుడు ఏ చేప కనబడితే అది రాశాను. పదకొండేళ్ళూ అంతే. ఈ ఎనిమిది నెలలు నా మోకాళ్ళు బాగోలేక ఎవరూ తల బయట పెట్టలేదు. చేప ఎక్కడికీ పోలేదు సార్, పోయింది నేను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సరంగు కాలు మీది కాలు తీసేశాడు.

ఆఫీసరు మ్యాపు చుట్టేసి, "చూపించగలరా?" అన్నాడు.

మర్నాడు లాంచీలో గుడ్ల అట్టలు తీయించి కిటికీ తెరిచింది పిన్ని. ఆఫీసరు తల బయట పెట్టాడు. ఆవిడ ఆయన చేతికి బకెట్టు కూడా ఇచ్చింది, నిండుగా. "గుమ్మరించకండి, ఊరికే పట్టుకోండి. బరువుంటేనే చూపు నిలుస్తుంది" అంది. చదువుకున్నవాడు, పట్టుకున్నాడు. ఒకటో పీపా దాటింది, ఆరో పీపా దాటింది. నీళ్ళు కడిగిన పళ్ళెంలా ఉన్నాయి. ఆకు లేదు, చేప లేదు. నిజంగానే పోయిందేమో. ఉద్యోగమూ పోయి, తలుపులూ పోయి, రెంటికీ చెడ్డట్టేనా?

తొమ్మిదో పీపా దగ్గర ఆవిడ కర్ర తీసుకుంది. "సార్, ఇటు పదకొండేళ్ళు చూశాను. అటు ఎప్పుడూ చూడలేదు. రండి."

ప్రయాణికుల బల్లల మధ్య నుంచి ఆయన్ని కుడి పక్కకి తీసుకెళ్ళింది. అక్కడ, లాంచీ దారికి కాస్త దూరంలో, తలుపులు తేలుతున్నాయి. ఒకటి ఆకుపచ్చది. ఒకదానికి పధ్నాలుగో నంబరు. ప్రతి తలుపు పక్కనా ఒక గోధుమ రంగు ఆకు.

"ఆకులు కదా అవి" అన్నాడు ఆఫీసరు.

"చూస్తూ ఉండండి."

పధ్నాలుగో నంబరింటి పక్కనున్న ఆకు తోక ఆడించి, తిన్నగా అయి, నీళ్ళలోకి మునిగింది. ఆఫీసరు రెయిలింగు పట్టుకుని లెక్కపెట్టాడు. ఇరవై ఆరు దాకా లెక్కపెట్టి ఆపేశాడు. పిన్ని కార్డు ఇస్తే తన చేత్తోనే రాశాడు. టైము పదకొండు. లాంచీకి కుడి పక్క. చూసినవారు అన్న చోట తన సంతకం పెట్టాడు. తర్వాత నీరసంగా బల్ల మీద కూర్చున్నాడు.

"అరవై ఏడో పేజీ రాసింది నేనే" అన్నాడు.

"తెలుసు సార్. టీ తాగండి" అంది పిన్ని. ఆ పూట ఆవిడకి ఆయన మీద జాలేసింది.

సోమవారం నోటీసు చించేశారు. అదే సాయంత్రం సరంగు పిన్ని ఇంటికొచ్చాడు.

"లాంచీ ఎడమ పక్క పెయింటు ఏటా టీ రంగులోకి ఎందుకు తిరుగుతోందో నాకు తెలీదనుకున్నావా పిన్నీ? తెలిసీ తెలీనట్టున్నాను. నువ్వేమో మైకులో చెప్పావు. ఇంక నేను ఊరుకుంటే నా ఉద్యోగం పోతుంది. రూలు ప్రకారం నిన్ను తీసెయ్యాలి."

పిన్ని తలొంచుకుంది.

"నిన్ను తీసెయ్యను. కిటికీ తీసేస్తాను. చెక్క కొట్టించి మూసేస్తాను. బకెట్టు తొట్టె దాకా మొయ్యాల్సిందే."

ఉద్యోగం నిలిచినందుకు సంతోషించాలి. పిన్ని మాత్రం ఆయన వెళ్ళాక మ్యాపు ముందు కూర్చుని ఏడ్చింది. ఆవిడకి లాంచీలో ఉన్నది రెండు పొయ్యిలూ, ఆ ఒక్క కిటికీ. మిగతాదంతా పొగ.

పిన్ని మళ్ళీ పనిలోకెళ్ళిన రోజు పొద్దున, క్యాంటీనులో సుత్తి చప్పుడు వినబడింది. వెళ్ళి చూస్తే అల్లుడు. సరంగు చెక్క కావాలంటే ఈయన తెచ్చాడు. ఇంకెవరి దగ్గరుంటుంది చెక్క? పాత తలుపొకటి కిటికీకి సరిపోయేలా కోసి, నాలుగు మూలలా మేకులు దిగ్గొడుతున్నాడు. పిన్నికి కోపం ముంచుకొచ్చింది. నా కిటికీ మూయడానికి నీ తలుపే దొరికిందా అనబోయింది.

అప్పుడు చూసింది. ఆ చెక్కకి ఉత్తరాలు వేసే కన్నం ఉంది. ఇత్తడి మూత తోమి మెరిసేలా చేశాడు. మామూలుగా అలాంటి కన్నం నడుము ఎత్తున ఉంటుంది. ఇది సరిగ్గా పిన్ని కళ్ళ ఎత్తున ఉంది.

ఆవిడ మూత పైకెత్తి చూసింది. సముద్రం కనబడింది. బకెట్టు పట్టదు. రెండు కళ్ళు పడతాయి.

"గాలికి" అన్నాడు అల్లుడు, సుత్తి సంచిలో వేసుకుంటూ.

గంటకి వెయ్యి మాటలాడే పిన్నికి ఆ క్షణాన ఒక్క మాట దొరకలేదు. పొయ్యి వెలిగించి టీ పెట్టింది. ఆయన తాగాడు. సగం గ్లాసు దగ్గర ఆగి, ఒకసారి గ్లాసులోకి చూసి, మిగతాది తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు.

ఆ రోజు పదో పీపా దగ్గర చేప కనబడింది, ఎడమ పక్క, ఒకటి. దేంతో చూశారు అన్న చోట పదకొండేళ్ళుగా "కిటికీలోంచి" అని రాసే పిన్ని, ఈసారి "మా అల్లుడి తలుపులోంచి" అని రాసింది. వెనకవైపు రోజూలాగే ఆర్డరు రాసుకుంది: టీలు అయిదు, షుగర్ లేనిది ఒకటి.

వారం తిరక్కుండా కొండ మీది ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అల్లుడి తలుపు అనగా ఏ పరికరమో వివరించగలరు అని అడిగారు. కార్డు వెనక రాసిన దాని గురించి మాత్రం ఏమీ అడగలేదు. అవి టీలని వాళ్ళకి తెలుసు.